అరువు ఖాతాలో కాంట్రాక్టర్లు, కౌన్సిల్ కుర్చీలో మీరు

ప్రశ్న: అయ్యా, నెల్లూరులో మాకు మా నాన్నగారి కాలం నుంచి హార్డ్‌వేర్, శానిటరీ సామాన్ల దుకాణం ఉంది. సిమెంటు, ఇనుము, పైపులు, మోటార్లు, పెయింట్లు అమ్ముతాము. నేనూ, నా తమ్ముడూ భాగస్వాములం. మా డివిజన్‌లో మమ్మల్ని ఎరగని ఇల్లు లేదు. రాబోయే కార్పొరేషన్ ఎన్నికల్లో నన్ను కార్పొరేటర్‌గా నిలబడమని ఒక పార్టీ వారు రెండుసార్లు ఇంటికి వచ్చారు. ఖర్చు మాత్రం మీరే చూసుకోవాలన్నారు. ఇంట్లో ఆవిడ వద్దంటున్నారు. పదవి ఉంటే వ్యాపారానికి అండ అని తమ్ముడు అంటున్నాడు. కార్పొరేషన్ పనులు చేసే కాంట్రాక్టర్లు కొందరు మా దగ్గరే అరువు మీద సరుకు తీసుకుంటారు. మా అక్క కొడుకు కూడా చిన్న కాంట్రాక్టరే. మొదట్లో అతని టెండర్లకు ధరావతు మా దుకాణం ఖాతా నుంచే కట్టాము. నేనైతే ఏనాడూ కాంట్రాక్టు తీసుకోలేదు. అయినా నాకు అభ్యంతరం ఏమైనా వస్తుందా? నాకు ముగ్గురు పిల్లలు, అది అడ్డమా? మా డివిజన్ మహిళలకు రిజర్వ్ అయితే మా ఆవిడను నిలబెట్టమంటున్నారు, అది మంచిదేనా? మన జిల్లాలో పెద్ద పెద్ద వ్యాపారులే రాజకీయాల్లో రాణిస్తుంటే నాలాంటి చిన్న వ్యాపారి ఎందుకు వెనకాడాలి?
— పేరు వేయవద్దన్న పాఠకుడు, నెల్లూరు

సమాధానం: మీరు అడిగినవాటిలో తేలికగా తేలేది పిల్లల సంగతి కనుక దాన్ని ముందు చెప్పేస్తాను. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక సంస్థల్లో పోటీ చేయరాదన్న పాత నిబంధనను తొలగిస్తూ 2024 నవంబరులో మన శాసనసభ పంచాయతీరాజ్, మున్సిపల్ చట్టాలను సవరించింది. కాబట్టి మీ మూడో సంతానం మీకు అడ్డు కాదు. వయసు 21 నిండితే చాలు, అది మీకు ఎప్పుడో నిండింది. దుకాణానికీ, ఇంటికీ ఆస్తి పన్ను, నీటి పన్ను, ట్రేడ్ లైసెన్సు రుసుము బకాయి లేకుండా కట్టి రసీదులు దగ్గర పెట్టుకోండి. నామినేషన్ల పరిశీలన రోజున ప్రత్యర్థి పక్షం ముందుగా వెతికేది అలాంటి చిన్న బాకీలనే.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మీరు ఒక వాక్యంలో చెప్పి దాటేసిన అరువు ఖాతాల సంగతే నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించింది. నేను ఉద్యోగం చేసినంత కాలం స్థానిక సంస్థల లెక్కలు తనిఖీ చేస్తూ గడిపినవాడిని కనుక, ఎవరైనా వ్యాపారి రాజకీయాల్లోకి వస్తానంటే ఆయనకు ఎన్ని ఓట్లున్నాయో అన్నదానికంటే ఆయనకు ఎవరెవరు ఎంతెంత బాకీ ఉన్నారో అన్న వైపే నా దృష్టి పోతుంది. ఇది వృత్తి వల్ల అబ్బిన దుర్గుణమే కావచ్చు, కానీ మీ విషయంలో అక్కరకు వస్తుందని అనుకుంటున్నాను.

చట్టం ఏమంటుందో మొదట చూద్దాం. హైదరాబాదు కోసం 1955లో చేసిన మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలోని నియమాలే 1994 నాటి చట్టం ద్వారా రాష్ట్రంలోని ఇతర కార్పొరేషన్లకూ వర్తిస్తున్నాయి. 1866లో మున్సిపాలిటీగా ఏర్పడి 2004లో కార్పొరేషన్ అయిన మన నెల్లూరుకూ అదే దారి. కార్పొరేషన్‌తో చేసుకున్న కాంట్రాక్టులో ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ, తాను స్వయంగా గానీ తన భాగస్వామి ద్వారా గానీ, వాటా లేదా ప్రయోజనం ఉన్న వ్యక్తి సభ్యుడిగా ఉండటానికి అనర్హుడన్నది ఈ చట్టాల్లోని మూల సూత్రం. ఇందులో పరోక్షంగా, భాగస్వామి ద్వారా అన్న రెండు మాటల దగ్గర మీరు కాస్త నిలబడి ఆలోచించాలి. టెండరు మీ పేర ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో వ్యవహారం ముగియదు. మీ తమ్ముడు మీ భాగస్వామి. ఆయన పేరుతో గానీ, మీ సంస్థ పేరుతో గానీ కార్పొరేషన్‌కు సరఫరా ఒప్పందం ఏదైనా నడుస్తూ ఉంటే, దాని గురించి మీకేమీ తెలియకపోయినా అది మీ మెడకు చుట్టుకుంటుంది.

మీ అక్క కొడుకు సంగతి వేరు. మేనల్లుడు కాంట్రాక్టరు అయినంత మాత్రాన మేనమామ అనర్హుడు కాడు, బంధుత్వం వాటా కాదు. అయితే ధరావతు మీ దుకాణం ఖాతా నుంచి కట్టామని మీరే రాశారు. ఆ డబ్బు అప్పుగా ఇచ్చినదా, పెట్టుబడిగా పెట్టినదా, అతని లాభంలో మీకు ఏమైనా వస్తున్నదా, ఆ పని ముగిసి ధరావతు వెనక్కి వచ్చిందా, వచ్చినప్పుడు ఎవరి ఖాతాలో జమ అయింది? ఈ ప్రశ్నలకు నోటిమాటగా కాక కాగితం మీద జవాబు ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక ఎంట్రీ చూపించి, ఈ పనికి పెట్టుబడి ఇతనిదే, మేనల్లుడు పేరుకే కాంట్రాక్టరు అని ఎన్నికల పిటిషన్‌లో ఎవరైనా వాదిస్తే, మా వాడు కదా అని సాయం చేశాను అన్న మాట కోర్టులో అంతగా నిలవదు. నామినేషన్‌కు చాలా ముందే అతని పనులకు మీరు ఇచ్చిన జామీనులు, హామీలు రద్దు చేసుకోండి, మీ డబ్బు ఇంకా అక్కడ ఉంటే వెనక్కి తీసుకోండి, లెక్క తేలినట్టు ఇద్దరూ సంతకం చేసిన కాగితం పెట్టుకోండి. దానికోసం అక్కాబావలతో కాస్త మాట పట్టింపు వచ్చినా ఇప్పుడే రానివ్వండి.

ఇప్పుడు కాంట్రాక్టర్ల అరువు. కాంట్రాక్టరుకు సిమెంటు అమ్మిన ప్రతి దుకాణదారుడూ అతని కాంట్రాక్టులో భాగస్థుడు అయిపోడు. నగదు పుచ్చుకుని, జీఎస్టీ బిల్లు ఇచ్చి, సరుకు లారీకి ఎక్కించి పంపిస్తే మీ సంబంధం అక్కడితో ముగిసింది. కానీ అరువు వ్యాపారం అలా నడవదని మీకు నాకంటే బాగా తెలుసు. మున్సిపల్ పనుల బిల్లులు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నిలిచిపోవడం మన రాష్ట్రంలో కొత్త కాదు. కాంట్రాక్టరుకు డబ్బు రాలేదు కనుక మీకు రాదు; మీకు రాలేదు కనుక కంపెనీ డీలరుకు మీరు వడ్డీ కడతారు. బాకీ పెరిగేకొద్దీ కొందరు దుకాణదారులు కాంట్రాక్టరు దగ్గర ఖాళీ చెక్కులు తీసుకుంటారు, బిల్లు మొత్తం తమకే అందేలా పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటారు, ఇంకొందరు బస్తాకు ఇంత అని పైన కలుపుకుని పనిలో వాటాదారులుగానే మారిపోతారు. మీరు ఇందులో ఏ మెట్టు మీద ఉన్నారో ఉత్తరంలో రాయలేదు. ఖాళీ చెక్కుల దాకా వచ్చి ఉంటే అది అప్పు. పవర్ ఆఫ్ అటార్నీ దాకా వచ్చి ఉంటే, ఆ కాంట్రాక్టు డబ్బు మీద మీకు ప్రయోజనం లేదని వాదించడం మంచి వకీలుకు కూడా కష్టమవుతుంది.

చట్టపరంగా మీరు పూర్తిగా నిర్దోషి అనే అనుకుందాం. అయినా ఒక సందర్భాన్ని మీ ముందు పెడతాను. మీ డివిజన్‌లో ఒక వీధికి సిమెంటు రోడ్డు వేశారు. 3 నెలలకే అది పగుళ్ళు బారింది. వీధివాళ్ళు పదిమంది పొద్దున్నే మీ ఇంటి ముందుకొచ్చి, కాంట్రాక్టరు ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ వేశాడు, నాణ్యత పరీక్ష చేయించండి, బిల్లు ఆపించండి అన్నారు. వారు అడిగింది న్యాయమే, కార్పొరేటర్‌గా మీరు చేయవలసిన పనీ అదే. రోడ్డులోంచి ముక్క కోసి పరీక్షకు పంపమని కమిషనర్‌కు లేఖ రాయాలి, కౌన్సిల్లో అడగాలి. అయితే ఆ కాంట్రాక్టరు మీ దుకాణానికి 6 లక్షలు బాకీ. ఆ బిల్లు ఆగితే ఆగేది మీ 6 లక్షలే. వేసిన సిమెంటు కూడా మీ గోడౌన్‌లోదే. అప్పుడు మీరు ఏం చేస్తారు? నిజాయితీగా పరీక్ష చేయిస్తే మీ డబ్బు పోతుంది. చేయించకపోతే, మీరు ఎందుకు చేయించలేదో ఆ వీధిలో ప్రతి ఇంటికీ తెలుసు, ఎందుకంటే ఆ సిమెంటు బస్తాలు మీ దుకాణం ఆటోలోనే దిగాయి. డబ్బు విషయంలో మీరు ఎంత గట్టి మనిషైనా సరే, ఆ పూట మీ మనసు మీ మాట వినదు. మీ నిజాయితీ మీద అనుమానంతో నేను ఈ మాట అనడం లేదు. ఒకే మనిషి అప్పిచ్చినవాడుగానూ, తనిఖీ కోరవలసినవాడుగానూ ఉంటే ఆ రెండు పనుల్లో ఒకటి చెడకుండా ఉండదన్నది లెక్కలు చూసినవాడిగా నా అభిప్రాయం.

మీ తమ్ముడు అండ అంటున్నది బహుశా దీన్నే. కార్పొరేటర్ అయితే కాంట్రాక్టర్లు బాకీ ఎగ్గొట్టరనీ, కొత్తవారు కూడా మన దుకాణానికే వస్తారనీ ఆయన లెక్క. వస్తారు, సందేహం లేదు. ఇల్లు కట్టుకునేవారూ వస్తారు. ప్లాను అనుమతి కోసమో, వీధిలో కంకర పోసుకోవడానికో మీ దగ్గరికి వచ్చిన మనిషి వెళ్తూ వెళ్తూ పైపులూ కుళాయిలూ మీ దగ్గరే కొంటాడు. మీరు నోరు తెరిచి అడగనక్కరలేదు. మీ ధర పక్క దుకాణం కంటే ఎక్కువైనా అతను బేరమాడడు. అతను ఆ ఎక్కువ ధరను ఏ పద్దు కింద రాసుకుంటాడో ఊహించండి. మున్సిపల్ కౌన్సిలర్ కూడా 1988 నాటి అవినీతి నిరోధక చట్టం దృష్టిలో ప్రభుత్వ సేవకుడేనని సుప్రీంకోర్టు 2013లో రాజస్థాన్‌కు చెందిన ఒక కేసులో స్పష్టం చేసింది. కాబట్టి ఈ రకమైన బేరాలను ఊరివాళ్ళు మర్యాద అనుకున్నా, ఏసీబీ వారు మర్యాద అనుకోవాలన్న నియమం లేదు.

కొటేషన్ల గురించి కూడా ఒక మాట. నీటి సరఫరా విభాగంలో పైపు పగిలినా, మోటారు కాలిపోయినా చిన్న మొత్తాల కొనుగోళ్ళకు టెండరు పిలవరు, 3 దుకాణాల నుంచి కొటేషన్లు తీసుకుని తక్కువ ధర చెప్పినవారి దగ్గర కొంటారు. తనిఖీకి వచ్చే ఫైళ్ళలో ఈ 3 కొటేషన్లూ ఒకే చేతిరాతతో, ఒకే అక్షర దోషంతో కనిపించడం ఏ ఊళ్ళోనైనా అరుదు కాదు. మిగతా రెండూ తెలిసిన దుకాణాల లెటర్‌హెడ్ల మీద రాయించి తెచ్చినవే. మీ సంస్థ ఇలా ఎప్పుడైనా సరఫరా చేసి ఉంటే, లేక పక్క దుకాణం వారికి మాట సాయంగా మీ లెటర్‌హెడ్ ఇచ్చి ఉంటే, ఆ అలవాటు నేటితో మానండి. చెల్లింపు ఇంకా రావలసిన సరఫరా ఏదైనా ఉంటే అది నామినేషన్ నాటికి నడుస్తున్న ఒప్పందంగా మిగలకుండా ముగించుకోండి. రేపు మీరు కౌన్సిల్లో కూర్చున్నాక ఆ ఫైలు ఆడిట్ అభ్యంతరంగా తిరిగివస్తే, అప్పటికి ఆ ఇంజనీరు బదిలీ అయిపోయి ఉంటాడు, పేపర్లో ఫొటో మీది పడుతుంది.

పెద్ద వ్యాపారుల పోలిక గురించి మీరు అడిగింది సహజమైన ప్రశ్నే. మన ప్రాంతానికి ఈ సంప్రదాయం పాతదే. వ్యాపారవేత్త అయిన మాగుంట సుబ్బరామిరెడ్డి గారు 1991లో ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. విద్యాసంస్థలు స్థాపించిన పొంగూరు నారాయణ గారు 2014లోనూ, 2024లోనూ పురపాలక శాఖకే మంత్రి అయ్యారు. చీమకుర్తి గ్రానైట్ వ్యాపారం నుంచి శిద్దా రాఘవరావు గారు మంత్రి పదవిదాకా వెళ్ళారు. వారి మంచిచెడ్డలు చర్చించడం నా ఉద్దేశం కాదు. తేడా ఎక్కడుందంటే, లోక్‌సభకో శాసనసభకో వెళ్ళిన వ్యాపారికి ఓటరు ఒకరు, కొనుగోలుదారు ఇంకొకరు. మీకు ఆ ఇద్దరూ ఒకరే. పొద్దున మీ దుకాణంలో కుళాయి కొన్న మనిషే సాయంత్రం కుళాయిలో నీళ్ళు రావడం లేదని మీ గుమ్మం ఎక్కుతాడు. పైగా శాసనసభ్యుడికి ప్రభుత్వ కాంట్రాక్టులు ఉండరాదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కూడా చెబుతుంది కనుక, పెద్దవాళ్ళకు ఒక నీతి, చిన్నవాళ్ళకు ఒక నీతి అని చట్టం అనలేదు. వారికి లెక్కలు విడదీసి నడపడానికి ఆడిటర్లు, మేనేజర్లు ఉంటారు. మీకు మీ తమ్ముడూ, ఒక గుమాస్తా ఉన్నారు.

పదవి చేతికొచ్చాక మీకు నిజంగా ఏముంటుందో కూడా తెలుసుకుని దిగడం మంచిది. కార్పొరేషన్‌లో కార్యనిర్వహణ అధికారం కమిషనర్‌ది. కౌన్సిల్ తీర్మానిస్తుంది, స్థాయీ సంఘం కొన్ని పనులు మంజూరు చేస్తుంది, బిల్లు పాస్ చేయడం, సిబ్బందిని కదిలించడం మీ చేతిలో ఉండవు. మీకున్నది 54 మందిలో ఒక ఓటు, అజెండా చదివి ప్రశ్న అడిగే హక్కు. అది తక్కువ హక్కు కాదు. సమావేశం రోజున చివరి నిమిషంలో బల్ల మీద పెట్టే టేబుల్ అజెండాలో ఏ భూమి ఎవరికి పోతున్నదో, ఏ పనికి అంచనా ఎంత పెరిగిందో ఓపికగా చదివి, ఇది వాయిదా వేయండి, నా అసమ్మతి మినిట్స్‌లో రాయండి అనగలిగిన సభ్యుడు ఒక్కడున్నా లెక్కలు చాలా మెరుగుపడతాయి. పైపు నాణ్యత, ఇనుము ధర, సిమెంటు పాళ్ళు మీకు తెలిసినంతగా కౌన్సిల్లో ఎంతమందికి తెలుస్తాయి? ఏ పనికి ఎంత అవుతుందో చూపుతోనే చెప్పగల వ్యాపారి అక్కడ కూర్చోవడం నగరానికి నిజంగా మేలు. మిమ్మల్ని వద్దనడానికి నాకు మనసు రాకపోవడానికి కారణం అదే. మీ వ్యాపార జ్ఞానం అక్కడ కావాలి. మీ వ్యాపార బాకీలు మాత్రం అక్కడికి రాకూడదు.

అయితే వ్యాపారికి ఒక స్వభావం ఉంటుంది, అది కౌన్సిల్లో పనికిరాదు. దుకాణానికి వచ్చిన ఎవరినీ నొప్పించకుండా పంపడం మీకు నాన్నగారి నుంచి వచ్చిన విద్య అయివుంటుంది. 2015 నవంబరు వానలకు నెల్లూరులో ఎన్ని కాలనీలు నీట మునిగాయో మీరు చూసే ఉంటారు. పంట కాలువలూ, మురుగు కాలువలూ గట్ల మీది కట్టడాలతో ఇరుకైపోయాయని అప్పుడు అందరూ అన్నారు. సర్వేపల్లి కాలువ గానీ, జాఫర్ సాహెబ్ కాలువ గానీ వెడల్పు చేయాలన్న అంశం అజెండాకు వచ్చినప్పుడు, గట్టు మీద ఇల్లు కట్టుకున్న పేదలకు ముందు వేరే చోటు చూపించాలని పట్టుబట్టడం ఒకటి, వారి చాటున గట్టు ఆక్రమించి గోడౌను కట్టిన తోటి వ్యాపారికి కొమ్ముకాయడం ఇంకొకటి. ఆ వ్యాపారి మీతోపాటు వర్తకుల ఛాంబర్ సమావేశంలో కూర్చునే మనిషే, మీకు ఏడాదికి ఇన్ని లక్షల సరుకు కొనే మనిషే. ఇద్దరికీ మంచి అనిపించుకునే సమాధానం ఆ రోజు దొరకదు. ఐదేళ్ళలో కనీసం పది పాత ఖాతాదారులను పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉంటేనే దిగండి.

పార్టీ సంగతి క్లుప్తంగా చెబుతాను. మేయర్‌ను కార్పొరేటర్లే ఎన్నుకుంటారు, ఆ ఎన్నికలో పార్టీ విప్‌ను, అంటే ఎవరికి ఓటు వేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. 2021 నవంబరులో నెల్లూరు 54 డివిజన్లూ ఒకే పార్టీకి దక్కాయి. తర్వాత వారిలో పలువురు పక్షం మారారు. గాలి అలా మారినప్పుడల్లా వ్యాపారం ఉన్న కార్పొరేటర్ మీద ఒత్తిడి ఉద్యోగస్థుడి మీద కంటే ఎక్కువగా ఉంటుంది. లైసెన్సు, కొలతలు, పన్ను, గోడౌన్ అనుమతి అన్నీ ఎవరో ఒకరు తనిఖీ చేయగలిగినవే కదా. ఖర్చు మీరే చూసుకోవాలని వారు అన్నారు కనుక, పెట్టే ప్రతి రూపాయీ పరిమితికి లోబడి, లెక్క రాసి, గడువులోగా అధికారులకు సమర్పించాలని గుర్తుంచుకోండి. అసలు మీరు పెట్టదలచిన మొత్తాన్ని ఎలా రాబట్టుకోవాలన్న ఆలోచన మనసులో ఒక మూల ఉన్నా, నా సలహా నిలబడవద్దనే. గౌరవ వేతనంతో అది తీరదు. తీరే మిగతా మార్గాలన్నీ పైన చెప్పినవే. ఇంకొకటి, 2014లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2019లో ముగిస్తే తర్వాతి ఎన్నిక 2021 నవంబరుదాకా జరగలేదు. ఈలోగా ప్రత్యేకాధికారి పాలన నడిచింది. ఎన్నికల తేదీ నమ్ముకుని సరుకు నిల్వలు తగ్గించుకోవద్దు.

దుకాణం విషయంలో మీకున్న దారులు చెబుతాను. చాలామంది చేసేది, భాగస్వామ్యం నుంచి తప్పుకున్నట్టు రాసుకుని తమ్ముడికి అప్పగించడం. దాన్ని సరిగా చేయాలంటే రిటైర్మెంటు దస్తావేజు రాసుకోవడం ఒక్కటే చాలదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం బహిరంగ నోటీసు ఇచ్చేదాకా తప్పుకున్న భాగస్వామి బాధ్యత మూడో వ్యక్తుల పట్ల కొనసాగుతుంది. సంస్థ రిజిస్టరు అయినదైతే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలియజేసి, గెజిట్‌లోనూ, ఒక తెలుగు పత్రికలోనూ ప్రకటన వేయాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో, బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్టు) హామీల్లో మీ పేరు తీయించాలి. ఇంత చేసినా నేను దీన్ని అంతగా నమ్మను. కాగితం మీద మీరు బయటికి వచ్చినా పండక్కి తినే బూరె ఒకే పొయ్యి మీద వేగుతుంది. తమ్ముడి దుకాణానికి కాంట్రాక్టరు బాకీ ఉంటే ఆ రోడ్డు ముందు నిలబడిన మీ మనసు తేలికపడదు.

అందుకని నా సూచన ఇది. మీరు భాగస్వామిగా ఉన్నా, తప్పుకున్నా, మీ దుకాణం కార్పొరేషన్ పనులు చేసే కాంట్రాక్టర్లకు అరువు ఇవ్వడం ఈ నెల నుంచే ఆపేయాలి. నగదుకు వస్తే అందరికీ ఇచ్చే ధరకే ఇవ్వండి. ఉన్న బాకీలకు ఒక్కొక్కరితో లెక్క తేల్చుకుని, ఎంత రావాలో వారి సంతకం తీసుకుని, వాయిదాలు నిర్ణయించుకోండి. సంతకం ఎందుకంటే, సరుకు బాకీ 3 ఏళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, ఆలోగా బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు మళ్ళీ మొదలవుతుంది. ఎన్నికల తేదీ ప్రకటించే నాటికి ఆ ఖాతాల్లో పెద్ద మొత్తాలు ఏవీ మిగలకపోతే నిలబడండి, గెలిస్తే మీ వ్యాపార వివరాలు మీరే ముందుగా కౌన్సిల్‌కు రాసి ఇవ్వండి, మీకు డబ్బు సంబంధం ఉన్న అంశం వచ్చినప్పుడు చర్చలో పాల్గొనకుండా, ఓటు వేయకుండా బయటికి వెళ్ళి కూర్చోండి. అలా వెళ్ళవలసిన సందర్భాలు ఏడాదికి ఒకటి రెండైతే ఫరవాలేదు. ప్రతి సమావేశంలోనూ లేవవలసి వస్తుందనిపిస్తే మీ డివిజన్‌కు కార్పొరేటర్ లేనట్టే. మీ అమ్మకాల్లో సగం దాకా ఈ కాంట్రాక్టర్ల నుంచే వస్తుంటే, ఆ సగాన్ని వదులుకోవడానికి తమ్ముడు ఒప్పుకోకపోతే, ఈసారికి ఆగండి. డివిజన్‌కు సేవ చేయాలన్న కోరిక నిజమైతే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శితో కూర్చుని మీ వీధుల నీటి లీకుల జాబితా తయారుచేయడానికి ఏ పార్టీ టికెట్టూ అక్కరలేదు.

డివిజన్ మహిళలకు రిజర్వ్ అయితే ఆవిడను నిలబెట్టే ప్రతిపాదన గురించి. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల స్థానాల్లో సగం మహిళలకు కేటాయిస్తున్నారు కనుక ఆ అవకాశం తక్కువేమీ కాదు. అయితే ఆవిడ నిలబడితే మీ చిక్కులన్నీ తీరిపోతాయనుకోవద్దు. దుకాణం బాకీ ఇంటి బాకీయే. ఆ రోడ్డు ముందు మీ బదులు ఆవిడ నిలబడతారు, అంతే తేడా. ఆవిడ పేరు బోర్డు మీద, మీరు కమిషనర్ గదిలో అన్న పద్ధతిని మాత్రం నేను సమర్థించలేను. సంతకం ఆవిడది అయినప్పుడు కేసు కూడా ఆవిడ మీదే నడుస్తుంది. ఆవిడ స్వయంగా అజెండా చదివి, సమావేశానికి వెళ్ళి మాట్లాడతానంటే మనస్ఫూర్తిగా నిలబెట్టండి, మీరు దుకాణంలో ఉండండి.

ఆవిడ వద్దంటున్నారని ఒక్క ముక్కలో రాశారు, ఎందుకు వద్దంటున్నారో రాయలేదు. తమ్ముడి వాదన మాత్రం కారణంతో సహా రాశారు. కాంట్రాక్టర్ల బాకీలు ఎంతున్నాయో, నెల నెలా వడ్డీ ఎంత పోతున్నదో ఇంట్లో ఆవిడకు తెలుసా? తెలిసే వద్దంటున్నట్టయితే, పార్టీ వారు మూడోసారి వచ్చేలోగా ఆ కారణం పూర్తిగా వినండి. తెలియకపోతే, ఖాతా పుస్తకం ముందు పెట్టి లెక్క మొత్తం చూపించి అప్పుడు మళ్ళీ అడగండి.